అంకెలుగా మారిన వెలుగు: పిక్సెల్ పుట్టుపూర్వోత్తరాలు

డిజిటల్ ఛాయాచిత్రం నిజానికి అడ్డువరసలుగా, నిలువువరసలుగా పేర్చిన అంకెల పట్టిక. ఆ పట్టికలోని ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. గడిలోని అంకె ఆ చోట ఎంత వెలుగు ఉన్నదో తెలుపుతుంది. కెమెరా డబ్బా మీద అచ్చువేసే మెగాపిక్సెల్ లెక్క మొదలుకొని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే లెవెల్స్, కర్వ్స్, షార్పెన్ అనే మాటల దాకా అన్నీ ఈ పట్టికకు, దానిపై జరిగే గణితానికి సంబంధించినవే. ఫొటో తీయడం ఒక పని, దానిని దిద్దడం ఆ తరువాత జరిగే వేరొక పని అన్న అభిప్రాయం జనంలో బాగా నాటుకుపోయింది గాని, ఈ విద్య పుట్టిన తీరును పరిశీలిస్తే ఆ రెండింటినీ వేరుచేయడం సాధ్యం కాదని తేటపడుతుంది.

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తున్న రసెల్ కిర్ష్ తన మూడు నెలల కుమారుడు వాల్డెన్ ఫొటోను, తన బృందం తయారుచేసిన స్కానర్ డ్రమ్ముకు చుట్టి, సీయాక్ అనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. డ్రమ్ము తిరుగుతుండగా వెలుగును పసిగట్టే పరికరం ఫొటోను చుక్కచుక్కగా చదివి, ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చి ఒకటిగానో సున్నాగానో నమోదు చేసింది. అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 గడులతో తయారైన ఆ బొమ్మలో నలుపు తెలుపులే తప్ప, పసివాడి ముఖంలోని సున్నితమైన నీడలకు చోటు లేకపోయింది. అందుకని కిర్ష్ బృందం ఎంత వెలుగును తెలుపుగా లెక్కించాలన్న హద్దును మారుస్తూ ఆ ఫొటోను మళ్లీ స్కాన్ చేసి, ఆ ఫలితాలను ఒకదానితో ఒకటి కలిపి మధ్యస్థమైన బూడిదరంగు ఛాయలను రాబట్టింది. ఒక గడిలో ఎన్ని మెట్ల ఛాయలు పట్టగలవన్నది తెలిపే బిట్ డెప్త్ అనే భావన అక్కడ ఆచరణలోకి వచ్చింది.

కిర్ష్ లక్ష్యం జ్ఞాపకంగా దాచుకొనే ఫొటో కాదు. యంత్రం బొమ్మను చూసి అందులో ఏమున్నదో గుర్తించగలదా అన్నది అతని ప్రశ్న. బొమ్మలోని ఆకారాలను కంప్యూటర్ చేత లెక్కపెట్టించే ప్రయోగాలు కూడా ఆ పరిశోధనలో భాగమే కనుక, డిజిటల్ బొమ్మను సృష్టించిన చేతులే దానిపై గణితాన్ని కూడా ఆరంభించాయని చెప్పడం సమంజసం. గడులు చతురస్రాలుగా ఉండాలన్నది కూడా ఆనాటి నిర్ణయమే. ఫొటోను బాగా పెద్దది చేసినప్పుడు ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా కనిపించడానికి ఆ చతురస్రాలే కారణం. ఆ ఎంపిక పట్ల కిర్ష్ తన వృద్ధాప్యంలో అసంతృప్తి వెలిబుచ్చి, వేర్వేరు ఆకారాల పిక్సెల్‌లపై కృషి చేశాడు.

పిక్సెల్ అనే పేరు 1965లో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన ఫ్రెడ్ బిలింగ్స్‌లీ రచనలలో మొదటిసారి అచ్చయింది. ఆ ఏడాది జులైలోనే మారినర్ 4 అంతరిక్షనౌక అంగారకుని పక్కనుంచి సాగుతూ తీసిన చిత్రాలను భూమికి పంపింది. ఒక్కొక్క చిత్రంలో అడ్డంగా 200, నిలువుగా 200 పిక్సెల్‌లు, ఒక్కొక్క పిక్సెల్‌లో 64 మెట్ల ఛాయలు ఉండగా, సెకనుకు దాదాపు 8 బిట్ల వేగంతో ఒక చిత్రం చేరడానికి 8 గంటల పైచిలుకు పట్టేది. కంప్యూటర్ బొమ్మను సిద్ధం చేసేదాకా ఓపిక పట్టలేని ఇంజినీర్లు, అంకెలు అచ్చయిన కాగితపు పట్టీలను గోడకు వరసగా అంటించి, ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకొని పాస్టెల్ సుద్దలతో నింపారు. అంకెకు ఛాయను కేటాయించే ఈ పనే నేటి ఎడిటింగ్‌లో లెవెల్స్, కర్వ్స్ అనే సాధనాలకు మూలసూత్రం.

వెలుగును విద్యుదావేశంగా మార్చి వరసగా బయటికి తెచ్చే సీసీడీ అనే చిప్పుకు 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ రూపకల్పన చేశారు. 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ అలాంటి చిప్పుతో 100 అడ్డు, 100 నిలువు పిక్సెల్‌ల కెమెరాను నిర్మించగా, అది ఒక నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకొన్నది.

రంగు విషయంలో మాత్రం పెద్ద చిక్కు మిగిలింది. చిప్పుకు వెలుగు ఎంతో తెలుస్తుంది గాని, అది ఏ రంగుదో తెలియదు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో, చిప్పు మీది ఒక్కొక్క గడిపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఏదో ఒక వడపోతను మాత్రమే ఉంచుతారు. మనిషి కన్ను వెలుగులోని తేడాలను ఆకుపచ్చ ప్రాంతంలో మరింత నిశితంగా గ్రహిస్తుంది కనుక ప్రతి నాలుగు గడులకూ రెండు ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక నీలం చొప్పున అమర్చాడు. దీనివల్ల ప్రతి గడీ కొలిచేది ఒక్క రంగునే. మిగిలిన రెండు రంగులను చుట్టుపక్కల గడుల నుంచి అంచనా కట్టి పూరిస్తారు. ఈ ప్రక్రియను డీమొజాయికింగ్ అంటారు. అంటే సాధారణ కెమెరా ఇచ్చే రంగు ఫొటోలో మూడింట రెండు వంతుల రంగు సమాచారం లెక్కకట్టి నింపినదే. ఎడిటింగ్ అసలు లేని ఫొటో అనే మాటను వాడేముందు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది. ఈ అంచనాకు ముందున్న కొలతలను ఉన్నవి ఉన్నట్టు భద్రపరిచేది రా ఫైలు. తెల్లని వస్తువు ఏ దీపం కింద ఉన్నా తెల్లగానే కనిపించేలా మూడు రంగుల పాళ్లను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను, రా ఫైలు ఉంటే, తరువాత కూడా స్వేచ్ఛగా మార్చుకోవచ్చు. ఐఎస్ఓ అనేది ఫిల్ము రోజులలో రసాయనపు పూత వెలుగుకు ఎంత చురుకుగా స్పందిస్తుందో తెలిపే కొలమానం. డిజిటల్ కెమెరాలో అది ప్రధానంగా చిప్పు నుంచి వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయిస్తుంది. ఎక్కువ ఐఎస్ఓలో కనిపించే ఇసుక చల్లినట్టుండే మచ్చలకు, అంటే నాయిస్‌కు, అసలు కారణం ఆ పెంపుదల కంటే చిప్పును చేరిన వెలుగు చాలకపోవడమే.

ఇన్ని అంకెలను దాచడానికి చోటు కావాలి. ఒక్కొక్క రంగుకు 256 మెట్లు, మూడు రంగులకు కలిపి 1,67,77,216 కలయికలు సాధ్యమయ్యే చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ మూడు బైట్లు అవసరం. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, అతని శిష్యుడు నటరాజన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన కామిశెట్టి రామమోహనరావు కలిసి 1974లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితప్రక్రియను ప్రకటించారు. చిత్రాలను తక్కువ చోటులోకి కుదించే పద్ధతిగా 1992లో ప్రమాణమైన జేపెగ్‌కు అదే ప్రాణం. చిత్రాన్ని 8 అడ్డు, 8 నిలువు పిక్సెల్‌ల ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కను నెమ్మదిగా మారే ఛాయలు, వేగంగా మారే ఛాయల మిశ్రమంగా రాసి, కన్ను అంతగా పట్టించుకోని వేగపు మార్పులను మోటుగా సవరించడం దాని పద్ధతి. అందువల్లే మరీ కుదించిన ఫొటోలో చదరపు అతుకులు బయటపడతాయి, దిద్దిన ప్రతిసారీ మళ్లీ సేవ్ చేస్తే వివరం తరిగిపోతుంది.

1987లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ నోల్ ఎదుర్కొన్న సమస్య కిర్ష్ సమస్యకు దగ్గరి చుట్టమే. నలుపు తెలుపు తప్ప మరే ఛాయా చూపలేని తన మెకింతాష్ తెర మీద బూడిదరంగు ఛాయలను చుక్కల అమరికతో భ్రమింపజేసే ప్రోగ్రాము అతడు రాశాడు. సినిమా స్పెషల్ ఎఫెక్ట్స్ రంగంలో ఉన్న సోదరుడు జాన్ తోడ్పాటుతో అది పెరిగి, 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ ద్వారా ఫొటోషాప్‌గా వెలువడింది. నేటి ఎడిటింగ్ మెనూలలోని పదాలు చాలావరకు డార్క్‌రూము నుంచి వచ్చినవి. ప్రింటు వేసే కాగితం మీద కొంత భాగానికి వెలుగు తగలకుండా చేతినో అట్టముక్కనో అడ్డుపెట్టి దానిని లేతగా ఉంచడం డాడ్జ్, కొంత భాగానికి అదనపు వెలుగునిచ్చి ముదురు చేయడం బర్న్. పేరులో మసకతనం ఉన్నా బొమ్మను పదునుపెట్టే అన్‌షార్ప్ మాస్క్, నెగటివ్‌కు దాని మసక నకలును జతచేసి ముద్రించే పాత పనితనం నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అసలు అంకెల నుంచి మసక అంకెలను తీసివేసి, మిగిలిన తేడాను అంచుల దగ్గర మళ్లీ కలుపుతుంది.

డార్క్‌రూములో లేనిది ఒకటున్నది: వెనక్కి తీసుకొనే వీలు. 1994లో ఫొటోషాప్ మూడవ కూర్పుతో వచ్చిన లేయర్లు, అడుగునున్న చిత్రాన్ని ముట్టుకోకుండా పైన పారదర్శకమైన పొరలలో పనిచేయనిచ్చాయి. 2007లో వచ్చిన లైట్‌రూమ్ మరో అడుగు ముందుకు వేసి, చేసిన మార్పులను సూచనల జాబితాగా మాత్రమే దాచి, తెర మీద చూపేటప్పుడూ, వేరే ఫైలుగా బయటికి తీసేటప్పుడూ ఆ లెక్కను వేస్తుంది. ఎన్నిసార్లు దిద్దినా చిప్పు నమోదు చేసిన మొదటి అంకెలు రా ఫైలులో యథాతథంగా ఉంటాయి.