మయూరి కాలు

ఎమ్మిగనూరులో గుంటమగ్గం దగ్గర నిలబడి ఎప్పుడైనా చూశారా, చెల్లెమ్మలూ? మన కళ్లన్నీ నేతగాడి చేతుల మీదే. గుంటలో చెక్కలు తొక్కే కాళ్లు ఎవరికీ కనబడవు. సుధాచంద్రన్ కాళ్లను మాత్రం లోకమంతా చూసింది.

1981లో ఆ నాట్యం పిల్ల ప్రయాణం చేస్తున్న బస్సు తిరుచ్చి దగ్గర ప్రమాదానికి గురయింది. కాలికి తగిలిన గాయాన్ని సరిగా చూడకుండానే కట్టు కట్టేశారట. లోపల కుళ్లింది. ప్రాణం దక్కించడానికి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆమెను మళ్లీ నిలబెట్టింది జైపూరు కాలు. 1968లో రామచంద్రశర్మ అనే పనివాడూ, డాక్టర్ సేఠీ కలిసి తయారుచేసిన రబ్బరు పాదమది. బూటు అక్కర్లేదు. గొంతుక్కూర్చోవచ్చు, వట్టికాళ్లతో దేవుడి గదిలోకీ పోవచ్చు. మనలాంటివాళ్ల ఇళ్లు తెలిసినవాళ్లు చేసిన కాలు! అయినా నాట్యం సాధన చేస్తుంటే రక్తం కారేది. 1984లో బొంబాయిలో మళ్లీ వేదిక ఎక్కింది.

1985లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘మయూరి’ తీసినప్పుడు ఆ పాత్ర ఆమే వేసింది. కాలు పోయిందని తెలిసే ఘట్టానికి ఆదోనిలో హాలంతా ముక్కులు చీదుకుంది. నాకైతే ఆమె పడుతూ లేస్తూ చేసే సాధన దగ్గర గొంతు పట్టుకుపోయింది. అది ఉత్త నటన కాదు గదా, ఆమె పడిన బాధే మళ్లీ కెమెరా ముందు పడుతోంది!

పక్కన కూర్చున్న మా పొరుగింటి వదినకు చక్కెర జబ్బు. ఇంటికొచ్చాక చీర అంచు పైకెత్తి, నెలనుంచి దాస్తున్న పాదం పుండు చూపించింది. తెల్లారగానే ఆస్పత్రికి తోలుకుపోయినాం.