అమెరికా ప్రత్యేక విద్యా సమావేశాలు – తల్లిదండ్రుల సన్నాహం: చారిత్రక పరిశీలన

వైకల్యం గల బిడ్డను ఏ తరగతిలో ఉంచాలో, ఏ సహాయం అందించాలో తేల్చే సమావేశానికి అమెరికా తల్లిదండ్రులు కాగితాల కట్టతో వెళ్లడం నేడు పరిపాటి. ఆ అలవాటు వెనుక సుమారు అర్ధశతాబ్దపు న్యాయచరిత్ర ఉంది.

అయిదేళ్ల మానసిక వయస్సు రాని పిల్లలను చేర్చుకోకుండా ఉండే వెసులుబాటును పెన్సిల్వేనియా చట్టం ఒకప్పుడు పాఠశాలలకు కల్పించింది. బుద్ధిమాంద్యం గల బాలల పక్షాన ఒక సంఘం వేసిన దావా 1971-72లో రాజీ డిక్రీతో ముగిసింది. బిడ్డ విద్యాస్థితిని మార్చే ముందు తల్లిదండ్రులకు నోటీసు ఇవ్వాలి, వారి వాదన వినాలి అన్న నియమం అక్కడ స్థిరపడింది. 1972లోనే వాషింగ్టన్ నగరానికి సంబంధించిన మిల్స్ కేసులో, నిధుల కొరత పేరుతో ఈ పిల్లలను బయట ఉంచరాదని న్యాయస్థానం తీర్పునిచ్చింది. దేశంలో 10 లక్షల మంది వైకల్య బాలలు ప్రభుత్వ విద్యకు పూర్తిగా దూరమయ్యారని 1975 నాటి సమాఖ్య చట్టమే అంగీకరించింది.

ఆ చట్టం ప్రతి బిడ్డకూ వ్యక్తిగత విద్యా ప్రణాళికను విధించి, దాని రూపకల్పనలో తల్లిదండ్రులకు చోటు కల్పించింది. అయితే ప్రణాళిక వేరు, స్థాన నిర్ణయం వేరు. బిడ్డను ఎక్కడ చదివించాలో నిర్ణయించే బృందంలో తల్లిదండ్రులు సభ్యులై ఉండాలని చట్టం విస్పష్టంగా చెప్పింది 1997 సవరణలలోనే. ఈ 22 ఏళ్ల అంతరం చిన్నది కాదు. ఒక తరం పిల్లల బడిచదువు అందులోనే ముగిసింది.

చోటు దక్కినా, నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటే? టెనసీలోని హామిల్టన్ కౌంటీ వివాదంలో 2004లో ఆరవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నది. తల్లిదండ్రులు చూపిన ఆధారాలతో నిమిత్తం లేకుండా అధికారులు ముందే ఒక నిశ్చయానికి రావడం చట్టవిరుద్ధమని తేల్చింది.

మరుసటి ఏడాది షాఫర్ కేసులో సుప్రీంకోర్టు, విచారణలో ప్రణాళికను సవాలు చేసేవారిపైనే రుజువు భారం ఉంటుందని ప్రకటించింది. 2006లో మరో తీర్పు, తల్లిదండ్రులు గెలిచినా నిపుణుల రుసుమును పాఠశాల నుంచి రాబట్టుకోలేరన్నది. సన్నాహం స్వభావాన్ని మార్చినవి ఈ రెండు తీర్పులే. అంతవరకు బిడ్డ అవసరాన్ని వివరిస్తే చాలుననుకున్న తల్లి, ఆ పైన సాక్ష్యం కూర్చవలసి వచ్చింది. పాఠశాల రికార్డులను పరిశీలించడం, మదింపుతో విభేదిస్తే ప్రభుత్వ ఖర్చుతో స్వతంత్ర మదింపు కోరడం, కోరికను తిరస్కరిస్తే కారణాలతో లిఖితపూర్వక నోటీసు పొందడం వంటి హక్కులు చట్టంలో ఉన్నవే. కానీ వాటిని సమావేశానికి ముందే వినియోగించుకోగల తీరికా చదువూ అందరికీ సమానంగా లేవు.

రుజువు భారం విషయంలో న్యూయార్క్, న్యూజెర్సీ తర్వాత సొంత చట్టాలు చేసి, దాన్ని చాలావరకు పాఠశాలలపైకి మళ్లించాయి. తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్న న్యూజెర్సీలో ఈ మార్పుకు తోడు మరొక సమాఖ్య నియమమూ వర్తిస్తుంది: ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు చర్చ అర్థమయ్యేలా, అవసరమైతే దుభాషిని ఏర్పాటు చేయవలసిన బాధ్యత పాఠశాలదే.