టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి లేఖిని దాకా: విశాఖలో టైపు చదువు

విశాఖపట్నంలో టైపు నేర్చుకోవడం చాలాకాలం పాటు ఉద్యోగ ప్రయత్నంలో భాగం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కో సంస్థతోపాటు ఊళ్లో గుమాస్తా, స్టెనో కొలువులూ పెరిగాయి.

ఆ కొలువులకు దారి చూపినవి టైపు ఇన్‌స్టిట్యూట్లు. తొలి పాఠం అందరికీ ఒకటే. ఎడమచేత్తో ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్, కుడిచేత్తో సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. మీటల వైపు చూడకుండా వేళ్లు వాటంతటవే కదిలేదాకా పేజీల కొద్దీ అదే కొట్టాలి. ఆపైన సాంకేతిక విద్యా శిక్షణ మండలి పరీక్షలు ఉండేవి. ఇంగ్లిషు లోయర్‌కు నిమిషానికి 30 పదాల వేగం కావాలి, హయ్యర్‌కు 45. పుస్తకం, గురువు, పరీక్ష మూడూ ఒకే మీటల వరుసను అనుసరించేవి కాబట్టి, ఏ వీధిలో నేర్చుకున్నా ఆ విద్య ఏ ఆఫీసులోనైనా పనికొచ్చేది.

1966 అధికార భాషా చట్టంతో రాష్ట్ర కార్యాలయాల్లో తెలుగు టైపుకూ అవసరం ఏర్పడింది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం కేంద్ర సంస్థలు. కాబట్టి వాటికి హిందీ వాడకానికి సంబంధించిన 1976 నాటి రాజభాషా నియమాలు వర్తిస్తాయి. కేంద్ర ఉద్యోగులకు హిందీ టైపు నేర్పడానికి ప్రభుత్వ పథకమే ఉంది.

కంప్యూటర్లు, డీటీపీ సెంటర్లు వచ్చాక ఈ ఏకరూపత చెదిరింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు తయారయ్యాయి. కానీ కీబోర్డు అమరికలు పలు రకాలు. నేర్చుకునేవారికి సీనియర్ పక్కన కూర్చుని చూడడం, అక్షరాల పటం జిరాక్సు దగ్గర పెట్టుకోవడం తప్ప వేరే దారి తక్కువ. పైగా ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపించేవి.

పరిష్కారానికి పునాది అప్పటికే పడింది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు ఉమ్మడిగా ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను రూపొందించింది. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ఇంగ్లిషు కె మీట మీద క, డి మీట మీద పొల్లు ఉంటాయి. కె, డి, కె వరుసగా నొక్కితే క్క వస్తుంది. ఫాంటు ఏదైనా ప్రతి అక్షరానికీ ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్ 1991లో వెలువడింది. దాని తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీతో అది ఇళ్లలోని కంప్యూటర్లకూ చేరింది.

ఇన్‌స్క్రిప్ట్ నేర్వని వారికి ప్రవాసాంధ్రులు మరో మార్గం చూపారు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారైంది. ఆ పద్ధతి మీదే వీవెన్ అనే ఆయన లేఖిని అనే టైపింగ్ వెబ్‌సైటును నిర్మించారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా సహాయ పేజీల్లో టైపు పద్ధతులను తెలుగులోనే వివరించింది. ఫీజు కట్టకుండా ఇంట్లోనే నేర్చుకునే వీలు ఇలా కలిగింది.

నేడు పాఠాలకు కొరత లేదు, ఎంపికే ముఖ్యం. అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాసేవారికి లేఖిని సరిపోతుంది. రోజూ పేజీలు రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ సాధన చేయడం మేలు. అది విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది కనుక, యంత్రం మారినా నేర్చిన విద్య వృథా కాదు.