మోటారు సైకిల్ బ్రేకు శబ్దాలు: లోప నిర్ధారణ

బ్రేకు వేసినప్పుడో, వేయకుండానే బండి నడుస్తున్నప్పుడో చక్రం దగ్గర వినిపించే కీచు, గరగర, టక్‌టక్ వంటి చప్పుళ్లను బట్టి లోపం ఎక్కడుందో కనిపెట్టడం మోటారు సైకిల్ మరమ్మతులో కీలకమైన పని. చప్పుడు ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నదే దీనికి అసలు ఆధారం. ఎంత గట్టిగా ఉందన్నది అంత ముఖ్యం కాదు. వీధంతా తిరిగి చూసే కీచులో ఒక్కోసారి ఏ ప్రమాదమూ ఉండదు. ఇంజిన్ మోతలో కలిసిపోయే సన్నటి గరగర మాత్రం బండిని అక్కడికక్కడే ఆపాల్సినంత తీవ్రమైనది కావచ్చు.

ప్యాడ్ డిస్కును పట్టుకున్నప్పుడు ఒకే తీరుగా జారదు. అంటుకుంటూ, వీడుతూ సెకనుకు వేల సార్లు కంపిస్తుంది. డిస్కు ఆ కంపనాన్ని గాలిలోకి వదులుతుంది. కీచు పుట్టేది ఇలాగే. ఇది డిస్కు బ్రేకుతో పాటే పుట్టిన బెడద. 1902లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు పొందిన కారు బ్రేకులో రాగి ప్యాడ్లు లోహపు డిస్కును ఒరుసుకుని భరించలేనంతగా అరిచేవి. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ లైనింగ్ వాడి ఆ అరుపును అణిచాడు. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చేటని తేలాక ఇతర పదార్థాలు వచ్చాయి. నేటి ప్యాడ్లలో రెసిన్‌తో కట్టిన ఆర్గానిక్ రకం మెత్తనిది. లోహపు పొడిని వేడిచేసి అదిమిన సింటర్డ్ రకం వేడికి, వానకు బాగా నిలుస్తుంది కానీ ఎక్కువ అరుస్తుంది. అందుకే ప్యాడ్లు మార్చాకే కీచు మొదలైతే ముందు వాటి రకం చూడాలి.

పరీక్షలో మొదటి మెట్టు, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా వేసి చూడడం. వాన తర్వాతో, బండి కడిగిన మర్నాడో వచ్చే కీచుకు డిస్కు మీది పలచని తుప్పు కారణం. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. పోకపోతే ప్యాడ్లు విప్పి చూడాలి. శ్రీశైలం వంటి ఘాట్ రోడ్ల మీద బ్రేకు నొక్కిపట్టి దిగితే ప్యాడ్ ముఖం కాలి, అద్దంలా నున్నగా మారుతుంది. ఉప్పు కాగితంతో తేలికగా రుద్దితే కొంత ఫలితం ఉంటుంది. కీచు మళ్లీ వస్తే ప్యాడ్లు మార్చాల్సిందే. చైనుకు కొట్టిన స్ప్రే వెనక డిస్కు మీద పడినా ఇదే గతి. నూనె పీల్చిన ప్యాడ్‌ను శుభ్రం చేసి వాడడం కన్నా పారేయడమే క్షేమం. చప్పుడు ఆపాలని డిస్కుకు చుక్క నూనె రాయడం ప్రాణాలతో చెలగాటం. నూనె కీచుతో పాటు బ్రేకునూ తీసేస్తుంది.

గరగర వేరే సంగతి. లైనింగ్ పూర్తిగా అరిగి, దాని వెనకున్న ఇనుప పలక డిస్కును కోస్తోందన్న మాట. ప్యాడ్‌లోని గాడి చెరిగిపోయే దశలోనే మార్చి ఉంటే కొత్త ప్యాడ్లతో సరిపోయేది. ఇప్పుడు డిస్కు కూడా పోవచ్చు. ఎంత మందం మిగిలితే డిస్కును మార్చాలో చాలా బండ్లలో దాని మీదే చెక్కి ఉంటుంది.

బ్రేకు వదిలాక కూడా రాపిడి వినిపిస్తే బండిని సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పాలి. చుట్టుకు ఒకసారి ఒరుసుకుంటే డిస్కు వంగిందని అనుమానించాలి. మొత్తంగా బిగుసుకుని, కాసేపు నడిపాక డిస్కు సెగలు కక్కుతుంటే ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిస్టన్ గానీ, క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు గానీ పట్టేశాయి. బ్రేకుతో సంబంధం లేకుండా హూంకారంలా మోగేది చాలాసార్లు చక్రం బేరింగే.

ముందు బ్రేకు వేయగానే హ్యాండిల్ దగ్గర టక్కుమంటే సాధారణంగా కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులైంది. ఎన్ని ప్యాడ్లు మార్చినా ఆ చప్పుడు పోదు. మధ్య భాగానికి కాస్త వదులుగా బిగించిన ఫ్లోటింగ్ డిస్కు కొద్దిగా గలగలమనడం సహజం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లివర్‌ను కటకటమని తన్నడమూ లోపం కాదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కావడంతో ఈ అనుమానంతో షెడ్డుకు వచ్చేవారు ఉంటారు.

డ్రమ్ బ్రేకులో చప్పుడుకు లైనర్ల ధూళి, అరుగుదల, గ్రీజు ఎండిన క్యామ్ ప్రధాన కారణాలు. చాలా బండ్లలో ప్యానెల్ మీది బాణం గుర్తు అరుగుదలను చెబుతుంది. పాత బండ్ల లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు గనుక ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేదాకా కొన్నాళ్లు చప్పుడు చేయవచ్చు. వాటిని బిగించాక బండి కదిలించేముందు లివర్ గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. వెనక్కి నెట్టిన పిస్టన్లు తిరిగి ముందుకు వచ్చేదాకా బ్రేకు పట్టదు.