వెయ్యి చిటికెల కథ

మొన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. నవల్లో కథానాయిక రైలెక్కాలా వద్దా అని ఆలోచిస్తూ చేసిన నిర్వాకం. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "రాసుకునేవాళ్ళ వంట ఇంతేనమ్మా" అన్నారు. చిటికెడు వెయ్యాల్సినచోట వెయ్యి చిటికెలు పడినందుకే ప్లాస్టిక్‌లోంచి కరెంటు పారిందండీ అందామనుకుని ఊరుకున్నాను.

నేను బి.ఏ. దాన్ని. కెమిస్ట్రీ వాసన తెలీదు. కాని ఈ కథ చదివినప్పట్నుంచీ మనసులోంచి పోవడంలేదు.

1967వ సంవత్సరం. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదెకి షిరకావా అనే యువకుడు ఎసిటిలీన్ వాయువు పాలిమర్‌గా మారే తీరు పరిశీలిస్తున్నాడు. మామూలుగా వచ్చేది నల్లటి పొడి. ఆ రోజు కొరియా నుంచి వచ్చిన ఒక అతిథి పరిశోధకుడు ప్రయోగం చేస్తే పొడి రాలేదు. ద్రవం మీద, పాలమీద మీగడలా, వెండిరంగు పొర కట్టింది!

పరాయిదేశం, పరాయివాళ్ళ లాబరేటరీ, చెడిన ప్రయోగం. పాపం, ఆ మనిషి ముఖం ఎలా వాడిపోయిందో! షిరకావా పారబొయ్యలేదు. ఆ తప్పునే మళ్ళీ మళ్ళీ చేసి చూశాడు. చివరికి తేలిందేమిటంటే, ఉత్ప్రేరకం (పాలకి తోడులాంటిదనుకోండి) దాదాపు వెయ్యిరెట్లు ఎక్కువ పడిందని.

కొన్నేళ్ళకి అమెరికా నుంచి అలన్ మెక్‌డయర్మిడ్ అనే ఆచార్యుడు టోక్యో వచ్చాడు. టీ తాగుతూ ఆయన తన బంగారురంగు పదార్థం గురించి చెబితే, ఈయన తన వెండిపొర చూపించాడు, పేరంటంలో నగలు చూపించుకున్నట్టు! తరవాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, అలన్ హీగర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడితో కలిసి, 1976-77లో ఆ పొరకి బ్రోమిన్, అయొడిన్ ఆవిర్లు పట్టించారు. విద్యుద్వాహకత కోటి రెట్లు పెరిగింది. 2000లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఎండ సంగతి. వెలుగు తగిలితే పాలిమర్‌లో ఎలక్ట్రాను లేస్తుంది గాని, తను ఖాళీచేసిన చోటుని వదలదు, సంతలో తల్లి కొంగు పట్టుకున్న పిల్లాడిలా. అరవై కార్బన్ పరమాణువుల బంతి పక్కనుంటే ఎలక్ట్రానుని ఎత్తుకుపోతుందని 1992లో హీగర్ బృందం చూపించింది. అయితే మరీ దగ్గరుండాలి. అందుకని 1995లో అన్నం మీద పప్పులా పొరలుగా కాకుండా, రెంటినీ పులగంలా కలిపేశారు. ఆ కలిపినదాన్ని సిరాలా పూతపూస్తే చాలు. ఇవాళ ఆ బంతికి బదులు వేరే అణువులొచ్చాయి. ప్రయోగశాలలో చిన్న ముక్కలు నూటికి ఇరవై పాళ్ళదాకా వెలుగుని కరెంటు చేస్తున్నాయి. ఏళ్ళతరబడి ఎండకీ గాలికీ ఓర్చుకోవడంలో సిలికాన్‌కి ఇంకా సాటిరాలేదు. తమాషా ఏమిటంటే, మొదటి వెండిపొర కూడా గాలి తగిలితే పాడయ్యేదే!

ఇంతకీ తప్పెవరిది? కొలతలో "మిల్లీ" అన్న ముక్క తనే రాయడం మరిచాడో, వచ్చినాయనే చదవడంలో పొరబడ్డాడో అని షిరకావా తరవాత చెప్పుకున్నాడు. ఈ ముక్క మటుకు మా అత్తగారికి చెప్పాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, "పులుసులో మొదటిసారి ఉప్పు నేనే వేశానేమోనే" అన్నారు.