ఉప్పుగాలిలో గారేజి తలుపు

విశాఖపట్నములో గాని కాకినాడలో గాని సముద్రమునకు దగ్గరగా దుకాణము నడుపువారికి ఉప్పుగాలి సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. షట్టరుకు ఏటేట రంగు వేయించినను అంచుల వెంబడి తుప్పు మరల పొటమరించును. ఒకనాటి ఉదయమున ఇద్దరు కలసి లాగినను అది పైకి లేవదు. ఈ షట్టరుకు దూరపు చుట్టమనదగిన యంత్రమొకటి అమెరికాలో లక్షలాది ఇండ్లలో పని చేయుచున్నది. కారు షెడ్డును అచ్చట గారేజి అందురు. కారు దిగకయే, మీట నొక్కినంతనే ఆ గారేజి తలుపును ఎత్తి దించునది ఈ విద్యుద్యంత్రము. ఫ్లారిడా, టెక్సాసు తీరములలో ఇండ్లు కొనుక్కొన్న తెలుగు కుటుంబములకును ఇది పరిచితమైనదే. కొనబోవువారు సాధారణముగ అడుగు ప్రశ్న యొక్కటి: మోటారు ఎన్ని అశ్వశక్తులది? తీరవాసికి ఈ ప్రశ్న ఎంత తక్కువ ఉపయోగకరమో ఆ యంత్రపు చరిత్రయే చెప్పును.

మోటారు కార్లు వచ్చిన తొలి దినములలో వాటిని గుఱ్ఱపుశాలల వంటి కొట్టములలోనే ఉంచెడివారు. వాటి తలుపులు మన వీధి తలుపులవలె రెండు రెక్కలుగా బయటకు తెరచుకొనునవి. అవి బరువునకు వ్రేలాడి నేలను రాచుకొనెడివి; చలికాలమున మంచు పేరుకొన్నచో దానిని తవ్వి తీసినగాని తెరచుకొనెడివి కావు. 1921లో సి. జి. జాన్సన్ అను అమెరికను పైకి లేచు తలుపును కనిపెట్టెను. అడ్డపలకలను బందులతో ఒకదానికొకటి తగిలించి, ఇరుప్రక్కల పట్టాలలో చక్రములపై నడిపించినచో తలుపు పైకి పోయి కప్పు క్రింద పరుండును. 1926లో ఆయనయే దానిని ఎత్తుటకు విద్యుత్ మోటారును జోడించెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. రెండు కార్లు పట్టు ఉక్కురేకు తలుపు సుమారు 70 నుండి 100 కిలోల వరకు తూగును. దానిని ఎత్తు యంత్రములో సాధారణముగ అర అశ్వశక్తి మోటారు మాత్రమే యుండును. అంత బరువును ఎత్తునది నిజమునకు మోటారు కాదు, స్ప్రింగు. తలుపు పైన అడ్డముగ నున్న ఇరుసుకు చుట్టిన మెలిస్ప్రింగు తలుపు దిగునప్పుడు బిగిసికొని, లేచునప్పుడు ఆ శక్తిని తిరిగి ఇచ్చును. స్ప్రింగు సరిగ నున్నచో యంత్రమును విడదీసి ఒంటిచేతితో తలుపును ఎత్తవచ్చును. సగమెత్తున వదలినను అది అచ్చటనే నిలిచియుండును. మోటారు చేయునది తలుపును నడిపించుటయే. మామూలు స్ప్రింగును సుమారు 10,000 మారులు తలుపు తెరచి మూయుటకు సరిపడునట్లు చేయుదురు. దినమునకు నాలుగు మారులు వాడినచో అది రమారమి ఏడేండ్లు వచ్చును. కాని ఈ లెక్క తుప్పు లేని స్ప్రింగునకు వేసినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత రేడియో మీటలు వచ్చినవి. తొలి మీటలన్నియు ఇంచుమించు ఒకే విధముగ పలికెడివి కనుక ఒక ఇంటివారు నొక్కిన పొరుగింటి తలుపు కూడ తెరచుకొనెడిది! పిమ్మట పెట్టెలో చిన్న మీటల వరుస పెట్టిరి. ఎనిమిది మీటలున్న 256 సంకేతములు, పండ్రెండున్న 4,096 సంకేతములు కుదురును. 1990 తరువాతి దశకమున నొక్కిన ప్రతిసారి సంకేతమే మారిపోవు పద్ధతి వచ్చినది. 2004లో ఫ్లారిడా తీరముననే ఎగ్లిన్ వైమానిక స్థావరము చెంత ఒక వింత జరిగెను. స్థావరమువారు క్రొత్త రేడియోలను పరీక్షించుచుండగా చుట్టుప్రక్కల ఊళ్లలో గారేజి మీటలు పని చేయుట మానివేసెను. రెండును 390 మెగాహెర్ట్జుల పరిసరములలోనే పలుకుచుండుట దీనికి కారణము. గారేజి మీటలకు లైసెన్సు లేదు కనుక అవియే తొలగవలసి వచ్చెను. ఈ రేడియో చరిత్ర వినుటకు సొంపుగనే యుండును గాని, తీరమున యంత్రములు మూలపడుటకు దానితో సంబంధము స్వల్పము.

ఆ సంబంధము ఉప్పుతో నున్నది. 1930 తరువాతి దశకమున ఉత్తర కరొలైనా రాష్ట్రములోని క్యూర్ బీచ్ అను చోట సముద్రపు నీటినుండి బ్రోమిను తీయు కర్మాగారమొకటి నడచుచుండెను. సీసము కలిపిన కారు పెట్రోలునకు ఆ బ్రోమిను కావలసి వచ్చెడిది. ఆ కర్మాగారమును ఆశ్రయించియే 1935లో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీకి చెందిన ఫ్రాన్సిస్ లాక్ లోహములపై సముద్రప్రభావమును పరీక్షింప నారంభించెను. కాలక్రమమున అచ్చట తీరమునకు సుమారు 25 మీటర్ల దూరమున ఒకటి, 250 మీటర్ల దూరమున ఒకటి రెండు పరీక్షాస్థలములు ఏర్పడెను. ఒకే ఉక్కు, ఒకే ఎండ, ఒకే వాన; అయినను దగ్గరి స్థలములోని ఉక్కు దూరపు దానికంటె అనేక రెట్లు త్వరగా తినిపోయినది. ఈ రెంటి నడుమ దూరము ఒక వీధి పొడవు మాత్రమే! కావున తీరమున ఇల్లుగలవారు తమ ఊరేదని కాక, కెరటములకు తమ వాకిలి ఎంత దూరమని లెక్కించుకొనుట మేలు. మన దేశమున కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయము మండపము తీరమున ఇట్టి పరీక్షలనే జరిపినది.

ఇనుము తుప్పు పట్టుటకు వాన తడి అక్కరలేదు. గాలిలోని తేమ సుమారు 60 శాతము దాటిన పిమ్మట, గాలిలో కల్మషము కొంచెమున్నను, తుప్పు హఠాత్తుగ ముమ్మరమగునని ఇంగ్లండులో వెర్నన్ 1930 తరువాతి దశకమున చూపెను. ఉప్పు చేరినచో పరిస్థితి ఇంకను విషమించును. వంట ఉప్పు, అనగా సోడియం క్లోరైడు, తేమ 75 శాతము చేరినంతనే గాలిలోని నీటిని పీల్చుకొని ద్రవమగును. వానకాలమున ఉప్పుజాడీ చెమర్చుట ఎరుగని గృహిణి లేదు. సముద్రపు తుంపరలలో మెగ్నీషియం క్లోరైడు కూడ కలదు. అది 33 శాతము తేమకే కరగును. తీరమున గాలి అంత పొడిబారుట అరుదు. కావున ఇనుముపై పడిన ఉప్పు మిట్టమధ్యాహ్నమున కూడ పూర్తిగ ఆరదు.

గారేజి లోపల నున్నది గదా, యంత్రమునకు భయమేమి? ఇట్లు తలచుటయే పెద్ద పొరపాటు. బయటి లోహముపై చేరిన ఉప్పును వాన అప్పుడప్పుడు కడిగివేయును. కప్పు క్రింది ఉప్పును కడుగువారు లేరు. తలుపు తెరచినప్పుడెల్ల గాలితోపాటు లోనికి వచ్చి, పట్టాలపై, చెయినుపై, స్ప్రింగు చుట్ల నడుమ అది పేరుకొనుచుండును. రాత్రి లోహము చల్లబడినప్పుడు దానిపై చెమ్మ దిగును. కప్పు యంత్రమును వాననుండి కాపాడుచున్నదనుట నిజమే; కాని ఉప్పును కూడ అదే వాననుండి కాపాడుచున్నది.

ఇనుమును ఉప్పునుండి రక్షించు ఉపాయము సుమారు రెండువందల యేండ్ల నాటిది. 1824లో సర్ హంఫ్రీ డేవీ బ్రిటిషు యుద్ధనౌకల అడుగున కప్పిన రాగిరేకులకు ఇనుము, తుత్తునాగము ముక్కలను తగిలించి చూచెను. ముక్కలు తాము తినిపోవుచు రాగిని కాపాడినవి. కాని రాగి క్షీణింపకపోవుటచే దానిపై నాచు, గుల్లలు పట్టి ఓడలు మందగించెను. నౌకాదళమువారు ఆ పద్ధతిని వదలుకొనిరి. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరగిన తుత్తునాగములో ముంచు పద్ధతికి పేటెంటు పొందెను. ఇదియే నేటి గాల్వనైజింగు, ఇండ్ల కప్పులపై జింకురేకులకు మూలము. పూత గీరుకొన్నను చుట్టునున్న తుత్తునాగము ముందు తాను కరగి ఇనుమును కాచును. అయితే ఆ పూత తరుగని నిధి కాదు. తెల్లని పొడి రాలుచున్నదన్న పూత ఖర్చగుచున్నదని అర్థము.

అమెరికాలో స్ప్రింగులు రెండు రకములు దొరకును: నూనెలో పదును పెట్టిన నల్లనివి, తుత్తునాగపు పూత గలవి. తీరమునకు రెండవ రకమే తగినది. స్ప్రింగు తీగెపై తుప్పు చేసిన చిన్న గుంట చాలును. మెలిపడినప్పుడెల్ల ఒత్తిడి ఆ గుంట వద్దనే చేరి, పగులు పుట్టి, ఏడేండ్లు రావలసిన స్ప్రింగు ఎంతో ముందుగనే ఫట్టున తెగును. అప్పుడు 100 కిలోల బరువు మోటారుపై పడును. మోటారు కాలినదని యంత్రమును మార్చి, విరిగిన స్ప్రింగును గమనింపని ఇండ్లలో క్రొత్త యంత్రమునకును అదే గతి పట్టును. బిగించిన స్ప్రింగులో మనిషిని గాయపరచుటకు చాలినంత శక్తి నిలువయుండును గనుక, దానిని మార్చుట ఇంటివారు స్వయముగ చేయదగిన పని కాదు.

తీరపు తలుపు మోయవలసినది ఉప్పును మాత్రమే కాదు. 1992 ఆగష్టు 24న ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లారిడాను తాకెను. కూలిన ఇండ్లను పరీక్షించిన ఇంజనీర్లు అనేక గృహములలో మొదట లోనికి విరిగినది గారేజి తలుపేనని కనుగొనిరి. ఆ పెద్ద ద్వారమున గాలి చొరబడి లోపలినుండి పైకి నెట్టగా ఇంటికప్పు లేచిపోయినది. 1994లో ఆ ప్రాంతపు భవననిబంధనలు కఠినమయ్యెను. 2002లో రాష్ట్రమంతటికిని క్రొత్త నిబంధనలు వచ్చెను. మయామీ ప్రాంతపు పరీక్షలో సుమారు 4 కిలోల దూలపు ముక్కను సెకనుకు 15 మీటర్ల వేగమున విసరి తలుపు తాళునో లేదో చూతురు. ఇట్టి తలుపులకు వెనుక ఉక్కుపట్టీలు బిగింతురు గనుక అవి మరింత బరువు. పాత ఇంటికి తుపాను తలుపు తగిలించి, పాత స్ప్రింగునే ఉంచినచో యంత్రము ఎంత మేలైనదైనను నిలువదు.

అన్నిటికంటె తీవ్రమైన విషయము పిల్లల ప్రాణము. దిగుచున్న తలుపుల క్రింద చిక్కి పిల్లలు మరణించుటచే అమెరికా ప్రభుత్వము 1990లో శాసనము చేసి, 1993 జనవరి 1 నుండి తయారగు యంత్రములన్నిటికిని అదనపు రక్షణను విధించెను. నేలకు ఆరంగుళములు మించని ఎత్తున ఇరుప్రక్కల రెండు కన్నులను అమర్చి, నడుమ కంటికి కనిపింపని కిరణమును పంపుట ఇందలి ప్రసిద్ధ పద్ధతి. కిరణమునకు అడ్డము వచ్చినచో దిగుచున్న తలుపు ఆగి పైకి పోవును. తీరమున ముందుగ చెడునవి ఈ కన్నులే. నేలకు దగ్గరగ నుండుటచే చెమ్మ వాటి అద్దమును మసకబార్చును. రాగితీగెల కొనలకు పచ్చని చిలుము పట్టును. అప్పుడు తలుపు మూసికొనదు. విసిగినవారు కొందరు రెండు కన్నులను ఊడదీసి, కప్పు దగ్గర ఎదురెదురుగ కట్టివేయుదురు. తలుపు మూసికొనును, చట్టము తెచ్చిన రక్షణ పోవును. అద్దమును పొడిగుడ్డతో తుడుచుట, తీగెల కొనలను కత్తిరించి తేమ చొరని ముడులతో మరల కలుపుట అరగంట పని.

ఇక యంత్రపు ఎన్నిక. చెయినుతో లాగునది చవుక. కాని కప్పు క్రింద బారెడు చెయిను అంతయు ఉప్పునకు ఎదురై యుండును. ఉక్కుపోగులు పొదిగిన రబ్బరు బెల్టు తీరమునకు మెరుగు. గోడకు బిగించి స్ప్రింగు ఇరుసునే త్రిప్పు రకములో చెయినుగాని బెల్టుగాని, కప్పు క్రింది పట్టెగాని లేవు కనుక తుప్పు పట్టదగిన లోహము తక్కువ. లోపలి విద్యుత్ పలకపై లక్క వంటి రక్షణపూత కలదా అని అడుగుట, అశ్వశక్తిని గూర్చి అడుగుటకంటె లాభకరము. అమ్మకపు పత్రములలో ఉప్పుతుంపర పరీక్షకు ఇన్ని గంటలు తట్టుకొన్నదని వ్రాయుదురు. అమెరికాలో 1939 నుండి ప్రమాణముగ నున్న ఆ పరీక్షలో లోహము 5 శాతపు ఉప్పునీటి మంచులో ఎడతెగక నానుచుండును. నిజమైన తీరమున తడియుట, ఆరుట ఒకదాని వెంట ఒకటి జరుగును. రెండు వస్తువులలో ఏది మేలో చూచుటకు ఆ గంటలు కొంత పనికివచ్చును గాని, వాటిని ఏండ్లలోనికి మార్చుటకు వీలులేదు.

బ్యాటరీ గల యంత్రము కొనదగినదే. 2017 అక్టోబరులో కాలిఫోర్నియా అడవిమంటల వేళ విద్యుత్తు పోయి, తలుపులు ఎత్తలేక కొందరు చిక్కుకొనిరి. అందుచే ఆ రాష్ట్రమున 2019 జూలై 1 నుండి అమ్ము యంత్రములకు బ్యాటరీ తప్పనిసరి చేసిరి. తుపాను వచ్చునని ఇండ్లు ఖాళీ చేయు తీరవాసుల అవసరమును అట్టిదే. కాని గారేజి వేడిమికి బ్యాటరీ కొన్నియేండ్లలోనే బలహీనమగును. అదియు పోయినప్పుడు మిగులునది తలుపునుండి యంత్రమును విడదీయు ఎఱ్ఱతాడు. దానిని లాగి ఒంటిచేతితో తలుపు ఎత్తగలుగుట స్ప్రింగు బాగున్నప్పుడే సాధ్యము.