ఋతుచక్రం – బొమ్మరైలు

చరిత్ర అనగానే రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు మన మనస్సులో మెదులుతాయి. కాని ఒక సమాజంలోని పిల్లలకు ఏ నెలలో ఎంత తీరిక దొరికింది, ఆ తీరికను వారు ఎలా వినియోగించుకున్నారు అన్నది కూడా చరిత్రలో భాగమే. పంటకు కాలం ఉన్నట్లే ఆటకూ కాలం ఉన్నది. గాలిపటానికి సంక్రాంతి గాలి కావాలి, కాగితపు పడవకు వాననీరు కావాలి. అట్టతో, కర్రతో, మట్టితో ఒక వస్తువు నమూనాను తయారుచేసే ఆటకైతే పొడి వాతావరణంతో పాటు కూర్చునేందుకు కొంత చోటు, పెద్దల అనుమతి కూడా కావాలి. మన పాఠశాల అమృతోత్సవ సందర్భంగా, అటువంటి ఆటలలో ఒకటైన బొమ్మరైలును ఆధారంగా తీసుకొని, నార్పోలిలోని తెలుగు పిల్లల తీరిక కథను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుండి మన జిల్లా కేంద్రమైన ఠాణేకు నడిచింది. సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు పద్నాలుగు పెట్టెలను 34 కిలోమీటర్ల దూరం లాగాయి. పెద్ద రైలు పుట్టిన చోటల్లా దానిని చూసి పిల్లలు చిన్నరైలు కోరుకున్నారు. జర్మనీలో మార్క్లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతలో, నిర్ణీత కొలతలు గల పట్టాలతో బొమ్మరైళ్లను ప్రవేశపెట్టింది. అమెరికాలో జాషువా లయోనెల్ కోవెన్ 1900లో స్థాపించిన సంస్థ విద్యుత్తుతో నడిచే బొమ్మరైళ్లను ఇంటింటికీ చేర్చింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ పేరుతో 1920లో రైళ్లు వెలువడ్డాయి. పిల్లల బొమ్మగా మొదలైన ఈ వస్తువు క్రమంగా పెద్దల వ్యాసంగంగా మారింది. 1935లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో నమూనా రైళ్ల అభిమానులు జాతీయ స్థాయి సంఘాన్నే ఏర్పరచుకున్నారు.

ఆ దేశాలలో ఈ వ్యాసంగానికి శీతకాలమే ప్రాణం. మంచు పడి బయటి పనులు ఆగిపోయినప్పుడు, సాయంత్రం త్వరగా చీకటి పడినప్పుడు, ఇంటి నేలమాళిగలో పట్టాలు పరచి కూర్చుంటారు. బొమ్మరైళ్ల అమ్మకాలకు క్రిస్మస్సే పెద్ద పండుగ. నవంబరును నమూనా రైళ్ల మాసంగా జరుపుకునే ఆచారం కూడా అక్కడ ఉన్నది. వేసవి రాగానే తోటపని, ప్రయాణాలు మొదలై పట్టాలపై దుమ్ము చేరుతుంది. పెరట్లో పూలమొక్కల నడుమ పట్టాలు వేసుకున్న కొద్దిమందికి మాత్రం వేసవే అనుకూలం. ఒకే ఆటకు ఇంటిలోపల ఒక ఋతువు, ఆరుబయట ఇంకొక ఋతువు ఏర్పడ్డాయన్న మాట.

మన ప్రాంతంలో ఋతువుకు తలవంచే చిన్నరైలును చూడాలంటే మాథెరాన్‌కు వెళ్లాలి. నేరళ్ నుండి కొండపైకి వెళ్లే ఈ రెండడుగుల వెడల్పు గల పట్టాలను ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం నిర్మించగా, 1907లో రైలు నడవడం మొదలైంది. సుమారు ఇరవై కిలోమీటర్ల ఈ ఘాట్ మార్గంలో వర్షాకాలమంతా నేరళ్ నుండి రైళ్లు నిలిపివేస్తారు. కొండపైన అమన్ లాడ్జ్, మాథెరాన్‌ల మధ్య కొద్ది దూరం మాత్రం నడుపుతారు. 2005 జులైలో కురిసిన కుంభవృష్టికి ఈ మార్గం కొట్టుకుపోయి, తిరిగి నడవడానికి 2007 వరకు ఆగవలసి వచ్చింది. ఆ జులై 26న ముంబయిలోని శాంతాక్రుజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. నల్లగొండ ప్రాంతంలో ఏడాది పొడుగునా కురిసే వాన దాదాపు 750 మిల్లీమీటర్లు అని గుర్తుచేసుకుంటే, మన పెద్దలు ఎటువంటి వానల నుండి ఎటువంటి వానలలోకి వచ్చారో బోధపడుతుంది.

భివండికి వచ్చిన తెలుగు కుటుంబాలలో అధిక భాగం తెలంగాణ చేనేత కుటుంబాలు. అక్కడ గుంట మగ్గం నేసే ఇంటికి ఋతువే యజమాని. ఆసు పోసిన పడుగును తెల్లవారుజామున వీధిలో చాచి, గంజి పట్టించి, ఎండకు ఆరబెట్టాలి. వాన వస్తే ఆ పని ఆగుతుంది. మగ్గం గుంటలో నీరు ఊరితే నేత కూడా ఆగుతుంది. అందువల్ల ముసురు పట్టిన దినాలలో చేతులకు తీరిక, కడుపుకు ఆకలి జంటగా వచ్చేవి. ఆ కాలాన్ని సువర్ణయుగంగా చెప్పుకోవడం సరికాదు. అయినా తీరికకు ఒక నియమం ఉండేది. తండ్రికి పని లేని వేళ బిడ్డకూ పని లేదు. ఇద్దరూ ఒకే చూరు కింద కూర్చుని తాటాకుతోనో, జొన్నదంటు బెండుతోనో బండి చేసుకునే అవకాశం ఉండేది. వానలు వెనుకబట్టగానే తంగేడు, గునుగు పూచి బతుకమ్మ వచ్చేది. పూలను వరుస మీద వరుసగా పేర్చి గోపురంగా నిలబెట్టడం కూడా నమూనా నిర్మాణమే. కొలత, సమతూకం, ఓర్పు ఆ పళ్లెంలోనే మన ఆడపిల్లలు నేర్చుకున్నారు.

వలస వచ్చినప్పుడు మన వారు భాషను, పండుగలను వెంట తెచ్చుకున్నారు. కాని సెలవులను తెచ్చుకోలేకపోయారు. ఇది చిన్న విషయంగా కనిపించినా దీని ప్రభావం పెద్దది. తెలంగాణలో పిల్లలకు దసరా సెలవులు దీర్ఘమైనవి; బతుకమ్మ దినాలు వాటిలో కలిసి వస్తాయి. మహారాష్ట్రలో ఆ దినాలలో బడి నడుస్తుంది, ప్రథమ సత్ర పరీక్షలు సమీపిస్తుంటాయి. సంక్రాంతికి అక్కడ కొన్ని రోజులు దొరికితే ఇక్కడ ఒక్కరోజు దొరకడమే గొప్ప. ఇక్కడి దీర్ఘమైన సెలవులు దీపావళివి. ఆ సెలవుల్లో మరాఠీ పిల్లలు ఇంటి ముంగిట మట్టితో శివాజీ మహరాజు కోటలను కడతారు. దాని వెనుక ప్రకృతి న్యాయం ఒకటున్నది. వానలు ఆగిన కొత్తలో మట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, ఎండ తీవ్రంగా ఉండదు, కట్టిన గోడ కరగదు, పగలదు. మన పిల్లలు కూడా ఈ ఆటను నేర్చుకున్నారు. కోట చుట్టూ అగ్గిపెట్టెల రైలును, దారం అయిపోయిన కండెల గొట్టాలతో చేసిన ఇంజనును నిలబెట్టే పిల్లలూ ఉన్నారు. ఆ విధంగా తెలుగు బిడ్డల నిర్మాణ ఋతువు దసరా, సంక్రాంతుల నుండి దీపావళికి మారింది.

ఋతువు మారడం ఒక సంగతి. ఋతువే లేకుండా పోవడం మరొక సంగతి. 1982 జనవరి 18న ముంబయి బట్టల మిల్లులలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె కాలంలోను, తరువాతను బట్ట ఉత్పత్తి పెద్దయెత్తున భివండి సాంచాలకు తరలివచ్చింది. సాంచాకు వాన లేదు, ఎండ లేదు. పన్నెండు గంటల పగటి పాళీ, పన్నెండు గంటల రాత్రి పాళీ, అంతే దాని పంచాంగం. రాత్రి పాళీ ముగించుకొని వచ్చిన తండ్రి పగలు నిద్రించాలి. ఉన్నది ఒకే గది. ఆ గదిలో అట్ట కత్తిరించినా చప్పుడే, పట్టాలు పరచినా అడ్డమే. సాంచా నడవని కాలం ఏదైనా ఉంటే, దానిని నిర్ణయించేది కరెంటు, బట్టల బజారు. విద్యుత్ సరఫరా 2007 జనవరిలో ఒక ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లే ముందటి సంవత్సరాలలో, కరెంటు కోత పడిన గంటలే చాలామంది పిల్లలకు తండ్రితో గడిపే గంటలయ్యాయని మన పూర్వ విద్యార్థులకు తెలియనిది కాదు.

ఇంటి పరిస్థితి ఇలా ఉండగా, వాతావరణం కూడా తన వంతు అడ్డంకులు కల్పిస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు అట్ట తేమ పీల్చి వంగుతుంది, మైదా జిగురుకు బూజు పడుతుంది, రంగు ఆరదు. ఏప్రిల్, మే నెలలలో రేకుల ఇల్లు కొలిమిలా కాగుతుంది. పైగా అప్పుడే కుటుంబాలు కల్యాణ్‌లో రైలెక్కి మన్మాడ్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా సొంత ఊళ్లకు వెళతాయి. మిగిలేవి అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు గల నెలలు. అందులోనూ పరీక్షలు పోగా నిజంగా పిల్లల చేతిలో మిగిలేది దీపావళి సెలవులు.

ఇక్కడే తల్లిదండ్రుల దృష్టికి ఒక విషయం తేవాలి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ నియమించరాదని స్పష్టం చేశారు. అయితే ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాతను, సెలవులలోను సాయపడటాన్ని మినహాయించారు. బడి తరువాతి వేళ, సెలవులు — బిడ్డ ఆటకు మిగిలినవీ ఆ రెండే. చట్టం వదిలిన సందు, బాల్యం మిగుల్చుకున్న సందు ఒక్కటే. ఆ సందులో కండెలు చుట్టే పనిని నింపితే చట్టం మనల్ని ప్రశ్నించకపోవచ్చును. కాని ఆ బిడ్డ ఆ ఏడాది చేయవలసిన రైలు, కట్టవలసిన కోట మరి ఏ నెలలోనూ దొరకవు.

ఇది కేవలం వినోదం గురించిన మాట కాదు. నమూనా రైళ్లలో బహుళ ప్రచారం పొందిన నిష్పత్తి 1:87. మన రైలుపెట్టె ఒకదాని పొడవు సుమారు 21.3 మీటర్లు. దానిని 87తో భాగిస్తే దాదాపు 24.5 సెంటీమీటర్లు వస్తుంది. 1676 మిల్లీమీటర్ల మన పట్టాల వెడల్పు 19 మిల్లీమీటర్ల చిల్లరకు తగ్గుతుంది. నిష్పత్తి పాఠాన్ని నల్లబల్లపై పదిసార్లు చెప్పినదానికంటే, అట్టపై ఒకసారి గీసి కత్తిరించినప్పుడు పిల్లలకు బాగా పట్టుబడుతుంది. పుణెలోని కోథ్రుడ్‌లో 1998 నుండి ఉన్న జోషీ సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాలను చూసిన వారికి, ఒక వ్యక్తి చిన్ననాటి అభిరుచి ఎంతవరకు ఎదగగలదో ప్రత్యేకించి చెప్పనవసరం లేదు.

కనుక నా సూచన ఇది. వానకాలంలో బడి తరువాత ఒక గదిని పిల్లలకు తెరిచి ఉంచుదాం. అది కొలతలకు, గీతలకు తగిన కాలం. జిగురు అవసరం లేదు, ఇంట్లో నిద్రిస్తున్న తండ్రికి ఇబ్బందీ లేదు. దీపావళి సెలవులను నిర్మాణానికి విడిచిపెడదాం. జనవరిలో, గాలి పొడిగా ఉన్నప్పుడు, వాటిని ప్రదర్శిద్దాం. వేసవిలో ఊరికి వెళ్లే బిడ్డ చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, దారిలోని స్టేషన్ల పేర్లు వరుసగా తెలుగులో వ్రాసుకొని రమ్మని చెబుదాం. పూర్వ విద్యార్థులు ఈ పాఠశాలకు ఏమి ఇవ్వాలని తరచు అడుగుతుంటారు. ఆ గదికి ఒక పొడవాటి బల్ల, నాలుగు కత్తెరలు, తాళం వేసుకునే బీరువా ఒకటి చాలును.